మాళరాన్ మీద ఒక పూట

సోలాపూర్ తూర్పు భాగంలో పెరిగే మన పిల్లలకు మగ్గం చప్పుడు తెలుసు, బీడీ కార్ఖానా దారి తెలుసు, మార్కండేయ గుడి తెలుసు. ఊరు దాటి 20 కిలోమీటర్లు పోతే కృష్ణజింకలు మందలు మందలుగా గంతులేస్తాయని మాత్రం చాలామందికి తెలియదు. పెద్దవాళ్ళను అడిగితే "ఆడ ఏమున్నది? ఉత్త బీడు" అంటారు. రెండు వానాకాలాల నుంచి మా పేటలో కొన్ని కుటుంబాలవాళ్ళం కలిసి నెలకొక ఆదివారం ఆ బీడుకే పోతున్నాం. ఎట్ల పోతున్నారు, ఏం చూస్తున్నారు, దానితో పిల్లలకు ఏం వస్తది అని దారిలో ఆపి అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు అవుతుందని ఇది రాస్తున్నాను.

మేం పోయేది నాన్నజ్ దిక్కు. బార్శీ రోడ్డు మీద ఉన్న ఊరు. సోనాకా ద్రాక్ష పేరు వినే ఉంటారు, ఆ రకం ఈ నాన్నజ్ రైతు నానాసాహెబ్ కాళే గారి తోటలో పుట్టిందే. ద్రాక్షతోటలు దాటినాక గడ్డి మొదలవుతుంది. చెట్లు తక్కువ. రాయి, గడ్డి, ఆకాశం, అంతే. మరాఠీలో దీన్ని మాళరాన్ అంటారు. మొదటిసారి చూసినవాళ్ళకు నిజంగానే ఏమీ కనపడదు. ఒక అరగంట నోరు మూసుకుని నిలబడితే అప్పుడు ఒక్కొక్కటే కనపడుతుంది.

ఈ గడ్డినేలను 1979లో అభయారణ్యం చేశారు. పులి కోసం కాదు, ఏనుగు కోసం కాదు, ఒక పిట్ట కోసం. మరాఠీలో మాళఢోక్, తెలుగులో బట్టమేక పిట్ట. మన తెలుగునాట కూడా ఈ పిట్ట కోసమే నంద్యాల జిల్లా రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. నిలబడితే మూడడుగుల పైనే ఎత్తు, మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి లోకంలోనే తక్కువ. నెమలిని 1963లో జాతీయ పక్షిగా తీసుకున్నప్పుడు, ఈ బట్టమేక పిట్టను తీసుకోవాలని పక్షుల శాస్త్రజ్ఞుడు సలీం అలీ గారు చెప్పారట. ఇప్పుడు దేశం మొత్తం వెతికినా 150కి మించి లేవంటారు. ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే. నాన్నజ్‌లో ఒకప్పుడు గుంపుగా కనపడేవి, ఇప్పుడు ఒక్కటి కనపడితే పేపర్లో వార్త. మాకు ఇంతవరకు కనపడలేదు. పిల్లలకు ఆ మాట ముందే చెప్పి తీసుకపోతాం.

మొదట్లో పెద్ద చిక్కు దారి ఖర్చు కాదు, కూలి. మన ఇళ్ళల్లో ఎక్కువమందికి నెల జీతాలు లేవు. మగ్గం మీద ఎన్ని పీసులు దిగితే అంత, బీడీలు ఎన్ని వేలు చుడితే అంత. ఒక రోజంతా పోదామంటే ఎవరు వస్తారు? అందుకే ఒక్క పూట అనుకున్నాం. తెల్లారక ముందే బస్సు, పదకొండు గంటలకు మళ్ళీ ఇంట్లో. మధ్యాహ్నం పనికి కూర్చోవచ్చు. ఎండ ముదరక ముందే తిరిగి వస్తాం కాబట్టి పిల్లలకూ మంచిది. జంతువులూ పక్షులూ తిరిగేది కూడా ఆ పొద్దుటి చల్లదనంలోనే.

మాకు దారి చూపేది ఒక మరాఠీ పిల్లగాడు. కాలేజీలో జంతుశాస్త్రం చదువుతున్నాడు, చిన్నప్పటి నుంచి పక్షుల పిచ్చి. డబ్బులు తీసుకోడు, బస్సు ఛార్జీ మాత్రం మేం పెడతాం. అతని దగ్గర ఒక్కటే దుర్భిణి. ఇరవైమంది పిల్లలు వరుసలో నిలబడి చూడాలి. మొదట దాని కోసం కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఒకడు చూస్తుంటే మిగతావాళ్ళు ఉత్త కళ్ళతోనే వెతుకుతున్నారు, దుర్భిణిలో చూసేవాడికంటే ముందే "అదిగో" అంటున్నారు.

మొదటిసారి పోయింది ఆషాఢంలో. బండల మధ్య నడుస్తుంటే ఒక పిట్ట నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. మాతో వచ్చిన ఒక అవ్వ అక్కడే ఆగిపోయింది. "తీతువు పిట్ట. ఇది అరిస్తే మంచిది కాదు, వెనకకు పోదాం పాండ్రి" అన్నది. నిజమే, మన ఊళ్ళల్లో రాత్రిపూట తీతువు అరిస్తే ఎవరికో మూడిందని అంటారు. ఆ పిల్లగాడు అవ్వ మాట అర్థం చేయించుకుని, "ఆజీ, ఒక్క అడుగు కూడా వేయకండి, కాళ్ళ దగ్గర చూడండి" అన్నాడు. చూస్తే గులకరాళ్ళ నడుమ నాలుగు గుడ్లు. రాయి ఏదో గుడ్డు ఏదో తెలియనంత ఒక్క రంగు. ఈ పిట్ట గూడు కట్టదు, వట్టి నేల మీదనే పెడుతుంది. మనిషి గానీ కుక్క గానీ దగ్గరికి వస్తే అరిచి పక్కకు మళ్ళిస్తుంది. ఎండలు మండే రోజుల్లో నీళ్ళ దగ్గరికి పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుందట, గుడ్లు ఉడికిపోకుండా. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. వెనక్కి నడుస్తూ "పాపం, పిల్లల తల్లి. దాని ఏడుపు అది ఏడిస్తే మనం శకునం అన్నం" అన్నది. ఆ మాట ఏ పుస్తకం చదివినా మా పిల్లలకు అంత గట్టిగా అంటుకునేది కాదు.

తర్వాత నెలలో గిజిగాడి గూళ్ళు చూశాం. పొలం బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు ముప్పై దాకా వేలాడుతున్నాయి. మనం నేతపని వాళ్ళం కదా, అందరం అక్కడే కూలబడ్డాం. గడ్డి ఆకును అంచు నుంచి ముక్కుతో చీల్చి సన్నని పోగు తీస్తుంది. ఆ పోగును కొమ్మకు ముడి వేసి, ఒకదాని కిందినుంచి ఒకటి దూర్చి అల్లుతుంది. అల్లేది మగపిట్టే. గూడు సగం అయినాక ఆడపిట్ట వచ్చి లోపలా బయటా చూస్తుంది. నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అట్లనే వేలాడుతుంది, మగపిట్ట ఇంకోటి మొదలు పెట్టాలి. "మాల్ పాస్ కాలేదన్న మాట" అన్నాడు మాతో వచ్చిన ఒక మగ్గం కార్మికుడు. అందరం నవ్వాం. "ఇది మన పద్మశాలోళ్ళ పిట్టేరా" అన్నది ఒక పెద్దమ్మ. ఆ రోజు నుంచి మా పేట పిల్లలు దాన్ని గిజిగాడు అనరు, మనోడు అంటారు.

కార్తీకంలో పోతే గడ్డి ఎండి, గింజలు బట్టలకు గుచ్చుకుంటాయి. మరాఠీలో ఆ గడ్డిని కుసళ్ అంటారు. గింజకు ఒకవైపు ముల్లు, ఇంకోవైపు పొడుగాటి నల్లటి తోక. నేను మిల్లులో రింగ్ ఫ్రేమ్ మీద పని చేసినవాణ్ణి. ఆ తోకను చేతిలోకి తీసుకుని చూడగానే ఆశ్చర్యపోయాను. దానికి పురి ఉంది. దారానికి ఎక్కించినట్టే పురి. పిల్లగాడు నా అరచేతిలో నాలుగు నీటిచుక్కలు వేసి గింజను అందులో పెట్టమన్నాడు. తోక దానంతట అదే తిరగడం మొదలైంది. తడిస్తే పురి విప్పుకుంటుంది, ఎండితే మళ్ళీ ఎక్కుతుంది. అట్ల తిరుగుతూ తిరుగుతూ గింజ బరమ దించినట్టు మట్టిలోకి దిగిపోతుంది. విత్తేవాడు అక్కర లేదు. పిల్లలకు పురి అంటే ఏమిటో, పురి లేని దూదిపోగు ఎందుకు తెగుతుందో, పురి ఎక్కువైతే దారం ఎందుకు మెలికలు పడుతుందో ఆ గడ్డి చేతిలో పట్టుకునే చెప్పాను. తాతలు ఏం పని చేశారో వాళ్ళకు ఆ రోజు తెలిసింది. మిల్లు గోడలు చూపించి చెబితే ఇన్నేళ్ళూ తెలియలేదు.

కృష్ణజింకలను దాదాపు ప్రతిసారీ చూస్తాం. మగదానికి మెలితిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట. ఆడవి గోధుమరంగు, కొమ్ములుండవు. బెదిరితే ఒకదాని వెనుక ఒకటి గాలిలోకి లేస్తాయి. తోడేళ్ళు కూడా ఉన్నాయి, గొర్రెల కాపరులు చెబుతారు. మేం చూసింది మాత్రం అడుగుజాడలే. కరెంటు తీగ మీద ఒకసారి పాలపిట్ట కూర్చుని ఉంది. కూర్చున్నప్పుడు మామూలు పిట్టే, పురుగు కోసం కిందికి దూకినప్పుడు రెక్కల్లో నీలం ఒక్కసారి విచ్చుకుంటుంది. తెలంగాణలో దసరా నాడు జమ్మిచెట్టుకు మొక్కి పాలపిట్టను చూసి ఇంటికి వస్తారని మన ఇళ్ళల్లో చెప్పుకోవడమే గానీ, సోలాపూర్‌లో పుట్టిన మన పిల్లలు ఎంతమంది చూశారు? "తాతా, నాయినమ్మ చెప్పే పిట్ట ఇదేనా?" అని ఒకడు మూడుసార్లు అడిగాడు.

ఆ తీగల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. బట్టమేక పిట్టకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా సరిగ్గా కనపడదు. బరువైన పిట్ట, దగ్గరికి వచ్చాక తీగ కనపడినా చటుక్కున మళ్ళలేదు. తీగలకు తగిలి చచ్చినవి ఎన్నో. దానికి తోడు ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ నేల మీద. కుక్క తిన్నా, పశువు తొక్కినా ఆ ఏటికి అంతే. గడ్డినేల దున్నేస్తే ఉండటానికి చోటు లేదు. ఇంకో సంగతి విని నేనే ఆశ్చర్యపోయాను. బీడు కదా అని మంచిమనసుతో అక్కడ దట్టంగా చెట్లు నాటినా ఈ పిట్టకు నష్టమేనట. దానికి నాలుగు దిక్కులూ తెరిపిగా కనపడాలి. చెట్లు ఉంటేనే అడవి అని మనం అనుకుంటాం. గడ్డి కూడా ఒక ఇల్లే అని అక్కడికి పోతే తప్ప తెలియదు.

ఇటు మనుషుల కష్టమూ ఉంది. మొదట అభయారణ్యం అన్నప్పుడు 8,496 చదరపు కిలోమీటర్లు గీత గీశారు. అందులో ఎన్నో ఊళ్ళు, పొలాలు, రోడ్లు. బావి తవ్వాలన్నా, భూమి అమ్మాలన్నా రైతుకు తిప్పలు. తర్వాత దాన్ని 1,222 చదరపు కిలోమీటర్లకు తగ్గించారు. రైతును శత్రువు చేసి పిట్టను బతికించలేం. ఈ మాట కూడా పిల్లలకు చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు.

ఇక మా పేట అమ్మల సంగతి. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రావాలని ఒకటే పట్టు. తల్లి బీడీలు చుడుతుంది. "పిల్లను ఒక్కదాన్నే పంపను. నేను వస్తే ఇయ్యాల్టి వెయ్యి బీడీలు ఎవరు చుడతరు?" అన్నది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ వరసలోని ఆడవాళ్ళు ఆ మాట విన్నారు. శనివారం రాత్రి నలుగురు తలా వంద బీడీలు ఎక్కువ చుట్టి ఆమె చాటలో పోశారు. మిగతావి మధ్యాహ్నం వచ్చి ఆమే చుట్టుకుంది. అట్ల తల్లీబిడ్డా ఇద్దరూ వచ్చారు. అప్పటి నుంచి మా దగ్గర అదే పద్ధతి. ప్రతి నెలా ఒకామె వంతు, మిగతావాళ్ళు ఆమె పని పంచుకుంటారు.

ఆ తల్లి వచ్చింది బతుకమ్మ ముందు ఆదివారం. మాళరాన్ అంచున పసుపుపచ్చగా తంగేడు పూసి ఉంది. పొలాల గట్ల మీద గునుగు తెల్లగా, గులాబీగా నిలబడి ఉంది. దారి చూపే పిల్లగాడు మరాఠీలో తరవడ్, కుర్డూ అని పేర్లు చెప్పాడు. ఆమె ఊరుకోలేదు. తంగేడు ఎట్ల పేర్చాలి, గునుగు కొసలకు రంగు ఎట్ల అద్దాలి, పూలు నీళ్ళల్లో వేస్తే ఏమవుతుంది, తంగేడు బెరడు తోళ్ళు ఊనడానికి ఎట్ల వాడతారు, అన్నీ చెప్పుకుంటూ పోయింది. ఇంట్లో ఇంత మాట్లాడగా ఎప్పుడూ వినలేదని కూతురే అన్నది. పిల్లగాడు పుస్తకం తీసి రాసుకున్నాడు. దసరాకు ఇక్కడ బంగారమని ఆపటా ఆకు ఇస్తారు, మన ఊళ్ళల్లో జమ్మి ఆకు ఇస్తారు. రెండు చెట్లూ పక్కపక్కన చూపించి తేడా చెప్పింది కూడా ఆడవాళ్ళే.

ఆ రోజే ఒక పిల్ల అడిగింది, "తునికి చెట్టు ఇక్కడ ఉన్నదా?" అని. అందరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. ఆ ఆకును నానబెట్టి, కత్తెరతో కోసి, చుట్టి బతికిన ఇళ్ళు మావి. పదిమంది ఆడవాళ్ళలో చెట్టు చూసినవాళ్ళు ఇద్దరే, చిన్నప్పుడు తెలంగాణ పల్లెల్లో తునికి పండ్లు తిన్న ముసలివాళ్ళు. ఇక్కడి తెరిపి గడ్డినేలలో అది లేదని, గడ్చిరోలి అటు అడవుల నుంచి, తెలంగాణ అడవుల నుంచి, మధ్యప్రదేశ్ నుంచి ఆకు వస్తుందని పిల్లగాడు చెప్పాడు. ఎండాకాలంలో లేత ఆకు కోసేది కూడా మనలాంటి కూలివాళ్ళే, వాళ్ళకూ కట్టల లెక్కే. పండు పసుపురంగులో ఎంత తియ్యగా ఉంటుందో ఆ ఇద్దరు ముసలమ్మలు చెప్పారు. ఇట్లాంటివి తెలిసినవాళ్ళు మన పేటల్లో ఇంకా కొందరున్నారు. ఇంకో పదేళ్ళు పోతే ఎవరిని అడుగుతాం?

నేను చెప్పదలచుకున్నది ఇదే. దారి చూపేవాడికి పిట్ట పేరు, లెక్క, శాస్త్రం తెలుసు. మన ముసలివాళ్ళకు ఆకు తెలుసు, పువ్వు తెలుసు, సామెత తెలుసు, దాని తెలుగు పేరు తెలుసు. పిల్లలకు రెండూ ఒక్కచోట దొరకాలంటే ఇద్దరూ ఆ గడ్డిలో పక్కపక్కన నడవాలి. పిల్లలను ఒక్కరినే పంపిస్తే సగం చదువే వస్తుంది.

మీ పేటలో కూడా మొదలు పెట్టాలనుకుంటే మేం పాటించేవి చెబుతాను.

ఐదుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి తప్పకుండా ఉండాలి. అభయారణ్యం లోపలికి అటవీశాఖ అనుమతితోనే పోవాలి, వాళ్ళు చూపిన దారి దాటకూడదు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడో ముందే అడిగి పెట్టుకోవాలి, ఇది చిన్నమాట అనుకోవద్దు. ఇది సరిగ్గా లేకనే చాలామంది తల్లులు పంపరు.

కాళ్ళకు బూట్లు, నెత్తికి టోపీ లేదా రుమాలు, మనిషికొక నీళ్ళ సీసా. ఎర్రటి, మెరిసే బట్టలు వద్దు, మట్టిరంగు మంచిది. రాళ్ళు ఎత్తవద్దు, పొదల్లో చేయి పెట్టవద్దు, పాములుంటాయి. ఫోన్లో పాటలు వద్దు. గుడ్లు కనపడితే ముట్టుకోకుండా, చుట్టూ గుమిగూడకుండా వెంటనే పక్కకు జరగాలి. బిస్కెట్ కాగితం కూడా తిరిగి ఇంటికే రావాలి. అభయారణ్యంలో పువ్వు తెంపవద్దు. బతుకమ్మకు పూలు కావాలంటే బయట పొలాల గట్ల మీద, రైతును అడిగి తీసుకోండి.

ఆషాఢం నుంచి మాఘం దాకా పోవచ్చు. చైత్ర వైశాఖాల్లో మన సోలాపూర్ ఎండకు పిల్లలను తిప్పవద్దు. దుమ్ములో పనిచేసి దమ్ము పట్టేవాళ్ళు మెల్లగా నడవాలి, మందు జేబులో పెట్టుకోవాలి. నడవలేనివాళ్ళు ఒక చెట్టు కింద కూర్చుంటే చాలు. మాలో ఒక పెద్దాయన కూర్చున్నచోటనే పదకొండు రకాల పిట్టలు లెక్కపెట్టాడు, తిరిగినవాళ్ళకు తొమ్మిదే దొరికాయి.

నాన్నజ్ దాకా పోలేనివాళ్ళు ఊళ్ళోనే మొదలు పెట్టవచ్చు. సిద్ధేశ్వర్ చెరువు ఉంది, విజాపూర్ రోడ్డు దిక్కు సంభాజీ చెరువు ఉంది, తుళజాపూర్ రోడ్డు మీద హిప్పరగా చెరువు ఉంది. చలికాలం పొద్దున పోతే నీళ్ళ మీద బాతులు, కొంగలు, నీటికోళ్ళు కనపడతాయి. ఖర్చు సిటీ బస్సు టికెట్టే. ఒక నోటుబుక్కు పెట్టండి. పిల్లలు చూసిన ప్రతిదానికి మరాఠీ పేరు ఒక వరసలో, తెలుగు పేరు ఇంకో వరసలో రాయించండి. మా పిల్లల బుక్కులో తెలుగు వరసలో ఇంకా చాలా ఖాళీలున్నాయి. ఆ ఖాళీలు పట్టుకుని వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ళను అడుగుతున్నారు. మీ ఇంటికి వస్తే విసుక్కోకండి, తెలిసింది చెప్పండి.

బస్సులో చోటు తక్కువైతే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు ఇంట్లో అందరికంటే పెద్దామెను ఎక్కిస్తాం. ఆమె పక్కన మనవరాలికి ఎట్లాగూ చోటు దొరుకుతుంది.